దొర నడక

రాసుకో బిడ్డా. పోలీసు యాక్షన్ అయినంక కొన్నేండ్లకు, మంథని దిక్కు మా అత్తగారూర్ల జరిగిన ముచ్చట. నేనప్పుడు కొత్త కోడల్ని. మాది నేతపని. పగటి వేషగాళ్లు ఊర్లకొస్తె రోజుకో కులపోళ్లను నకలు చేసి నవ్విచ్చేటోళ్లు. ఎవలూ కోపానికి రావద్దని రివాజు.

ఆ రోజు మా వంతొచ్చింది. వేషగాడు మగ్గం గుంతల పడి, బక్క కాళ్లతోని లేవరాక ఏడుస్తున్నట్టు చేసిండు. తన గడి ముంగట కుర్సీల కూసున్న దొర కడుపు పట్టుకొని నవ్విండు. మా మామ తలకాయ వంచుకున్నడు. అది చూసి నా నోరు ఊకోలే.

"అందరిని చేస్తివి గని, జర దొర నడక సుత చేసి సూపియ్యి" అన్న.

మద్దెల ఆగింది. మా అత్త నా తొడ గిచ్చి, "సచ్చినం పో. ఇగ ఊరిడిసి పోవుడే" అన్నది.

వేషగాడు దొరకు దండం పెట్టి, "బాంచెన్, రివాజు" అన్నడు. ఒగనితోని గొడుగు పట్టిచ్చుకొని, కడుపు ముందు పోతుంటె తను ఎనుక పోతున్నట్టు నడిసిండు. ఒక్కలు నవ్వలే. అప్పుడు గడి కిటికీల నుంచి దొరసాని పక్కున నవ్వింది. ఇగ ఊరంత నవ్వింది. దొర కోపంతోని లేసి గడి దిక్కు పోయిండు, అచ్చం వేషగాడు నడిసినట్టే.

వారం దాక భయపడ్డం గని, దొర ఏమనలే. ఇంట్ల దొరసానే నవ్వె, మమ్మల్నేమంటడు?

ఆఖరు రోజు వేషగాడు మా ఇంటికి జొన్నలడగనొచ్చిండు. నాతోని ఎన్నడు మాట్లాడని మా మామ, "కోడలా, ఇంకో దోసెడు ఎక్కువెయ్యి" అన్నడు.

ఇప్పుడు టీవీల ఎవలెవలినో నకలు చేస్తుంటె, దొర వంతు ఎప్పుడొస్తదా అని చూస్తుంట బిడ్డా.