సర్టిఫికెట్ వయసు

పెళ్ళయి మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో మా ఇంటి ముందు ఒక కారు రోజంతా ఊరికే నిలబడి ఉండేది. అది మాదే. మా ఆయన పొద్దున్నే టార్నీట్ స్టేషన్‌కి నడిచి వెళ్ళి సిటీ రైలెక్కేవారు. స్టేషన్ పార్కింగ్ తెల్లారేసరికే నిండిపోతుంది కాబట్టి కారు తీసుకెళ్ళి లాభం లేదు. సాయంత్రం ఆయన వచ్చేదాకా ఆ కారుకీ పని లేదు, నాకూ లేదు. ముందుగది కిటికీ పక్కన కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకుంటూ, పేజీ తిప్పినప్పుడల్లా దాని వైపు చూసేదాన్ని.

నాకు లైసెన్సు ఉంది. మొదటిసారికే పాసయ్యాను. కొత్త డ్రైవర్లు కారుకి పెట్టుకోవలసిన ఆకుపచ్చ పీ పలకలు ఆ రోజే కొని, ముందొకటి వెనకొకటి నా చేత్తోనే అంటించాను. మర్నాడు మా ఆయన వాటిని నెమ్మదిగా ఊడదీసి డాష్‌బోర్డ్ అరలో పెట్టారు.

"ఇన్సూరెన్స్‌లో నీ పేరు లేదు కదా. చూద్దాం, కనుక్కుంటాను."

కనుక్కున్నారు. నన్ను కూడా చేరిస్తే ఏడాదికి కట్టవలసిన సొమ్ము రెండింతలు దాటింది. పైగా నా చేతిలో ఏదైనా గుద్దుకుంటే, కంపెనీ ఇచ్చేముందు మా వంతుగా మేము పెట్టుకోవలసింది వేరే ఉంది. ఇరవై ఐదు లోపు వయసుకి ఒకటి, అనుభవం లేనందుకు ఇంకొకటి. నేను రాకముందు, ఒంటరిగా ఉన్న రోజుల్లో, ఆయన పాలసీ చవగ్గా వస్తుందని "ఇరవై ఐదు లోపు వాళ్ళెవరూ ఈ కారు నడపరు" అన్న చోట ఒప్పుకున్నారు. అప్పటికి ఆయనకి ఇరవై ఏడు. ఆయన కోణంలో అందులో తప్పేమీ లేదు.

విచిత్రమేమిటంటే, నేర్చుకునేటప్పుడు కంపెనీకి నా మీద ఏ అభ్యంతరమూ లేదు. ఆయన పక్కన కూర్చుంటే చాలు, నేను రౌండెబౌట్‌లో రెండుసార్లు బండి ఆపేసి వెనకవాళ్ళ చేత హారన్ కొట్టించుకున్నా ఏమీ అడగలేదు. నేర్చుకున్నాక భయపడింది.

నేను ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని. నా మిగతా చదువంతా ఇక్కడి లైబ్రరీలోనే అయింది. మొదట్లో చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు తెచ్చుకుని ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. తర్వాత తోటపని, తర్వాత ఈ దేశపు చరిత్ర. ఆ ఇన్సూరెన్స్ ధర చూశాక బీమా గురించి పుస్తకాలు వెతికి తెచ్చుకున్నాను. ఓడల కాలంనుంచీ ఈ పద్ధతి ఉందని, సరుకు మునిగినవాడి నష్టం మునగనివాళ్ళంతా కాస్త కాస్త పంచుకోవడమే దీని మూలమని చదివితే ముచ్చటేసింది. అందులోనే నా సంగతీ అర్థమైంది. వాళ్ళు నన్ను చూడలేదు. నా వయసువాళ్ళందరినీ ఒక కుప్పగా పోసి ఆ కుప్పకి ధర కట్టారు. నేను ఎంత జాగ్రత్తగా నడుపుతానో ఆ కుప్పలో కనిపించదు. అర్థమైతే బాధ తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

ఎండ బాగున్న రోజుల్లో పుస్తకం తీసుకుని వెళ్ళి కార్లోనే కూర్చునేదాన్ని, డ్రైవరు సీట్లో, అద్దం సగం దించుకుని. పక్కింట్లో వరంగల్ ఆంటీ ఉండేవారు. ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయినా మాట మారలేదు. ఒకరోజు చెత్తడబ్బా లోపలికి లాక్కుపోతూ ఆగారు.

"ఏం బిడ్డా, యాడిదాంక పోయినవ్?"

"బెండిగో దాటాను ఆంటీ. టీ తాగుదామని ఆగాను."

"అయితే వచ్చేటప్పుడు జర టమాటలు తే. ఆడ అగ్గువకి దొరుకుతయంట."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ లోపలికి వెళ్ళాక స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాను. రెండు గంటల దూరంలో ఉన్న ఆ బెండిగో ఊరి దారి నాకు నిజంగా తెలుసు. రోడ్డు మ్యాపుల పుస్తకం చదివి చదివి ఎక్కడ ఎడమకి తిరగాలో, ఎక్కడ పెట్రోలు బంకు వస్తుందో చెప్పగలను. చూసింది మాత్రం మా వీధి, షాపింగ్ సెంటర్, లైబ్రరీకి వెళ్ళే బస్సు కిటికీ.

ఆ లైబ్రరీలో కౌంటర్ దగ్గర ఉండే పెద్దావిడ నన్ను గుర్తుపట్టేది. ఒకసారి నా చేతిలో పుస్తకాల దొంతర చూసి, "వీటిని మోయడం నీకు ఇంత ఇష్టమైతే, దీనికి జీతం తీసుకోకూడదూ?" అంది. పాయింట్ కుక్‌లో ఉన్న తమ శాఖలో మనిషి కావాలట. ముందు రోజు సాయంత్రంనుంచి బయటి పెట్టెలో జనం తిరిగి వేసిన పుస్తకాలని, పొద్దున తలుపులు తెరవకముందే తీసి, సరిచూసి అరల్లో సర్దాలి. వారానికి నాలుగు రోజులు, ఏడున్నరకల్లా ఉండాలి.

ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. మనుషులెవరూ లేని లైబ్రరీలో పొద్దున్నే పుస్తకాల మధ్య తిరగడం! నన్నే ఎదురు డబ్బిచ్చి చేయమన్నా చేసేదాన్ని. దరఖాస్తు పెట్టాను, పిలిచారు, మాట్లాడాను. ఉద్యోగం నాదేనని, వచ్చే వారంలోగా ఖాయం చేయమని చెప్పారు.

ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయన అడిగారు.

"దరఖాస్తులో సొంత వాహనం ఉందా అన్నదానికి ఏం రాశావ్?"

"ఉందని రాశానండీ. కారు ఉంది కదా."

"కారు ఉంది. దాని ఇన్సూరెన్స్‌లో నువ్వు లేవు."

టార్నీట్‌నుంచి పాయింట్ కుక్‌కి కారులో ఇరవై నిమిషాల దూరం. బస్సులో అయితే రెండు మారాలి. మొదటి బస్సు పట్టుకున్నా నేను చేరేసరికి లైబ్రరీ తెరిచేస్తారు. ఆయన దింపుదామంటే ఆ వేళకి ఆయన రైల్లో ఉండాలి. నన్ను పాలసీలో చేర్చడమొక్కటే దారి. ఆ నాలుగు పొద్దుటి పూటల జీతంలో ఎక్కువ భాగం ఇన్సూరెన్స్‌కే పోతుంది. ఆయన చదువుకి తెచ్చిన బ్యాంకు లోను అప్పటికింకా తీరలేదు.

"ఇంకో ఏడాదిన్నర ఓపిక పట్టు. ఇరవై ఐదు నిండితే సగానికి సగం తగ్గుతుంది."

"నాకు నిండాయండీ ఇరవై ఐదు. మొన్ననే కదా పాయసం తిన్నారు."

ఆయన చేతిలోని గరిటె కింద పెట్టేశారు. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయారు.

నాకు రెండు పుట్టినరోజులు. మా ఇంట్లో అందరికీ రెండేసి ఉన్నాయి. ఒకటి అమ్మకి గుర్తున్నది, రెండోది బడిలో రాయించింది. ఒకటో తరగతిలో వేసేటప్పుడు మా నాన్న నా వయసు ఏడాదిన్నర తగ్గించి చెప్పారు. సర్కారు ఉద్యోగాలకి వయోపరిమితి ఉంటుంది కాబట్టి, పిల్లకి ఒకటి రెండు పరీక్షలు ఎక్కువ రాసుకునే వీలుంటుందని. ఊళ్ళో చాలామంది అలాగే చేసేవాళ్ళు, మేష్టారు కూడా అడిగి మరీ రాసుకునేవారు. ఆ తారీఖే టెన్త్ సర్టిఫికెట్‌లోకి, పాస్‌పోర్టులోకి, అక్కణ్ణించి ఈ దేశపు లైసెన్సులోకి వచ్చింది. నేనేమో ఒక్క సర్కారు ఉద్యోగానికీ దరఖాస్తు కూడా పెట్టలేదు.

నాన్నకి ఫోన్ చేశాను.

"నీ మంచికే కదమ్మా రాయించింది," అన్నారు. "ఎక్కడైనా వయసు తక్కువుంటే మంచిదంటారు గానీ, ఎక్కువ కావాలంటారా?"

"ఇక్కడ అంటున్నారు నాన్నా."

"అదేం దేశమే!"

మర్నాడు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేశాను. ఏం ఆశించి చేశానో ఇప్పుడు చెప్పలేను. ఫోన్ ఎత్తినావిడ గొంతు ఆప్యాయంగా ఉంది. నేను సర్టిఫికెట్ కథంతా చెబితే మధ్యలో అడ్డురాకుండా వింది.

"మా అత్తగారైతే ఎప్పుడూ అయిదేళ్ళు తగ్గించే చెబుతుంది," అంది. "పెంచమని అడిగిన మొదటి మనిషివి నువ్వే. కానీ నా కంప్యూటర్ తెర మీద పుట్టినతేదీకి ఒకటే గడి ఉంది అమ్మాయీ. అందులో లైసెన్సు మీదున్న తారీఖే పడుతుంది."

"మా అమ్మ చెబితే?"

"నేనైతే నమ్ముతాను. కంప్యూటర్ నమ్మదు."

ఆ వారం వరంగల్ ఆంటీకి సంగతంతా తెలిసిపోయింది. గోడ మీదినుంచి కరివేపాకు ఇస్తూ కోప్పడ్డారు.

"తాళం నీ చేతిలనే ఉన్నది, లైసెన్స్ ఉన్నది. పొద్దుగాల పోయి పొద్దుగాల వస్తవ్. ఎవడు చూస్తడు?"

"మీ అబ్బాయి పేరు ఇన్సూరెన్స్‌లో చేర్చారా ఆంటీ?"

"చేర్చినం. అంకుల్ ఓవర్‌టైం పైసలు మొత్తం దానికే పోయినయ్. తిట్టుకుంట తిట్టుకుంట కట్టిండు. మావోడు పుట్టినప్పుడు కూడ అంత ఖర్చు కాలే."

ఆవిడ అన్నదాంట్లో నిజముంది. చట్టం నన్ను ఆపడం లేదు. పోలీసు ఆపినా లైసెన్సు చూసి వెళ్ళమంటాడు. కానీ ఎవరి కారుకైనా తగిలిందంటే దాని బాగుచేతంతా మా నెత్తినే పడుతుంది. మా ఆయన పాత రూమ్మేట్ ఒకాయన తన తమ్ముడికి అలాగే కారిచ్చాడు. ఆ తమ్ముడు వెనకనుంచి ఒక ఖరీదైన బండిని గుద్దాడు. మా పెళ్ళి నాటికి కూడా ఆయన వాయిదాలు కడుతూనే ఉన్నాడు.

గడువు రేపనగా, మా ఆయన స్టేషన్‌కి వెళ్ళిపోయాక, పీ పలకలు తీసి కారుకి అంటించాను. ఒక్కసారి వెళ్ళొద్దామని. సరిగ్గా ఏడున్నరకి ఆ లైబ్రరీ తలుపు ముందు నిలబడితే ఎలా ఉంటుందో చూద్దామని. సీటు ముందుకి జరుపుకున్నాను, అద్దాలు సరిచేసుకున్నాను, ఇంజను స్టార్ట్ చేసి వెనక్కి తీశాను. వెనక చక్రాలు కాలిబాట దాటి రోడ్డు అంచుకి దిగాయి. అప్పుడే ఎదురింటి పిల్ల బడి సంచీతో సైకిలు మీద వెళుతూ, నాకు దారి ఇవ్వడానికి కాలు కింద పెట్టి ఆగింది. వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది. వెనక్కి వెళ్ళడానికి అంతా సిద్ధంగా ఉంది. రోడ్డు ఖాళీగా ఉంది.

పాలసీ పుస్తకం నేను అక్షరం వదలకుండా చదివాను. ఆ పిల్లకి నువ్వే వెళ్ళమని సైగ చేసి, అది వెళ్ళాక, కారు మళ్ళీ ముందుకి తీసి ఆపేశాను. లోపలికి వెళ్ళి లైబ్రరీకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. ఎందుకని అడిగితే "నాకింకా వయసు రాలేదు" అన్నాను. అవతలావిడ, అర్థం కాకపోయినా, "మళ్ళీ ఖాళీ వస్తే చెబుతాం" అంది.

ఆ ఏడాదిన్నరలో నేను చదివినన్ని పుస్తకాలు అంతకుముందు ఎప్పుడూ చదవలేదు. పొద్దున ఏడున్నర అయిందంటే ఏ పనిలో ఉన్నా మనసు అటే పోయేది. ఇప్పుడు లైట్లు వేసి ఉంటారు. ఇప్పుడు పెట్టె తాళం తీసి ఉంటారు. పైన చల్లగా, లోపల వెచ్చగా పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఎవరి ఇంట్లోనో మంచం పక్కన పడుకుని వచ్చిన పుస్తకాలు. వాటిని ఎవరో తీస్తూ ఉంటారు. నాకు ఆ మనిషి మీద కోపం ఉండేది కాదు. ఎవరో తెలుసుకోవాలని మాత్రం ఉండేది.

కాగితం మీద కూడా నాకు ఇరవై ఐదు వచ్చిన రోజున మా ఆయన ఆఫీసుకి సెలవు పెట్టారు. కాఫీ తాగుతూ ఫోన్‌లోనే నా పేరు చేర్చారు. ధర తగ్గింది గానీ చెప్పినంత తగ్గలేదు. అయినా ఆయన కట్టేసి తాళం నా ముందు పెట్టారు.

"నేను రానా?"

"వద్దండీ. ఒక్కదాన్నే వెళతాను."

ఇరవై నిమిషాల దూరానికి అరగంట పట్టింది. పాయింట్ కుక్ లైబ్రరీలో అడుగుపెట్టగానే కౌంటర్ దగ్గర ఆ పెద్దావిడే కనిపించింది. ఈ శాఖకి మారిందట.

"కారులో వచ్చావా!"

"వచ్చాను. పొద్దుటి పనికి మనుషులు కావాలా?"

ఆవిడ నన్ను కౌంటర్ వెనక గాజు గోడ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. బయటి కంతలో ఎవరో పుస్తకం వేశారు. అది నల్లటి పట్టీ మీద ఒక్కటే కదులుతూ వచ్చింది, ఒక చోట ఆగి, పక్కకి తిరిగి, కింద ఉన్న డబ్బాలో పడింది.

"ఈ యంత్రం పోయిన చలికాలంలో పెట్టారు," అంది. "ఆ డబ్బాల్లోవి అరల్లో సర్దడం మేమే చూసుకుంటున్నాం. కొత్తవాళ్ళని తీసుకోవడం లేదు."

ఇంకో పుస్తకం వచ్చింది. అది కూడా ఎటు వెళ్ళాలో తెలిసినట్టే వెళ్ళింది. నేను నాలుగైదు పుస్తకాలు వెళ్ళేదాకా నిలబడ్డాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి కౌంటర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

బస్సులో అయితే చేతులు మోయగలిగినన్నే తెచ్చుకునేదాన్ని. ఆ రోజు కార్డు మీద ఎన్ని ఇస్తారో అన్నీ తీసుకున్నాను. పక్క సీట్లో పెట్టి బండి కదిలించగానే కీచుమని మోత మొదలైంది. బరువు చూసి కారు అక్కడ ఎవరో కూర్చున్నారనుకుంది. బండి ఆపి, పుస్తకాల మీదుగా బెల్టు లాగి పెట్టాను. మోత ఆగింది. కిటికీలోంచి లైబ్రరీ లోపలి లైట్లు కనిపిస్తున్నాయి. ఇండికేటర్ వేసి, అద్దం చూసుకుని రోడ్డు మీదికి వచ్చాను.