దొరబాబు వాళ్లమ్మ ఎడమకన్ను

మధురవాడకి ఎవరైనా చరిత్ర రాస్తే, ఫోన్లో రివ్యూలు చదవనిదే ఇడ్లీ ముట్టనని శ్రీరామ్మూర్తిగారు తీర్మానించుకున్న ఉదయాన్ని ఒక యుగారంభంగా పేర్కొనక తప్పదు. ఆనాటి నుంచి దోమతెర మొదలు కుక్కర్ గాస్కెట్ దాకా ఏదీ విచారణ జరగకుండా ఆయన గడప దాటి లోపలికి రాలేదు.

ఉక్కు ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలో చేసి రిటైరయ్యారాయన. మరీ నున్నగా మెరిసే ప్లేటునే ముందు అనుమానించాలన్నది అక్కడ అబ్బిన అలవాటు. రివ్యూలకీ అదే న్యాయం. ఆకాశానికెత్తినవాడు డబ్బు తీసుకున్నవాడు. దుమ్మెత్తి పోసినవాడు పక్క కొట్టువాడు. మెచ్చుకుంటూనే చిన్న వంక పెట్టినవాడొక్కడే మనిషి.

ఇంతలో భార్య గౌరీశ్వరిగారికి కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమది చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రమే. వాళ్ల వదిన చేయించుకున్న చోటికే వెళ్దామందావిడ. చుట్టాల మాట సాక్ష్యానికి పనికిరాదని కొట్టేసి, ఈయన పరిశోధనకి కూర్చున్నారు. చివరికి ఒక కంటి ఆస్పత్రి రివ్యూల్లో దొరబాబు అనే ఆయన తగిలాడు.

“మా అమ్మకి ఎడమకన్ను ఇక్కడే సేయించాం. డాక్టరుబాబు నెమ్మదిగా మాటాడతారు. కేంటీన్లో టీ బాగోదు.”

శ్రీరామ్మూర్తిగారిది ఆనందపురం. ఆ యాస తన తల్లి మాట్లాడినట్టే ఉంది. పైగా టీ బాగోదన్నాడు.

“మనిషి దొరికాడు గౌరీ,” అన్నారు.

“మా వదినేటి, మనిషి కాదా?” అందావిడ.

ఆపరేషనయింది. కంటికి చీము పట్టింది. ఆస్పత్రివాళ్లు చుక్కల మందు మార్చారు, మళ్లీ మార్చారు, ఇంకా పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లమన్నారు. డాక్టరుబాబు నెమ్మదిగానే మాట్లాడారు. కేంటీన్లో టీ మాత్రం చాలా బాగుంది. శ్రీరామ్మూర్తిగారికి మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

దొరబాబు పేరు మీద వేలు నొక్కి, అతను రాసిన రివ్యూలన్నీ చూశారు. ఆ తల్లి ఎడమకన్ను రాజమండ్రిలోనూ చేయించారు, నెల్లూరులోనూ చేయించారు. అన్నిచోట్లా డాక్టర్లు నెమ్మదస్తులే. ఎక్కడా టీ బాగోదు.

అప్పుడాయన, జన్మలో మొదటిసారి, తనే ఒక రివ్యూ రాశారు. జరిగింది జరిగినట్టు, తప్పుల్లేని తెలుగులో, ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి. తెల్లారేసరికి దాని కింద ఎవరో సమాధానం పెట్టారు: ఇది పక్క ఆస్పత్రివాడి పని, నమ్మకండి. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. ఇంకొకరి రివ్యూ అయితే తానూ అదే తీర్పు ఇచ్చేవారు.

“ఏటి రాసాడో సూడు గౌరీ,” అని ఫోను చాపారు.

“మీరే సదవండి,” అందావిడ.

గౌరీశ్వరిగారికి ఇప్పుడు కుడికన్ను కనబడదు.