కాశీలో వదిలేసిన వేటమాంసం

ఆదివారం పదకొండు గంటలకల్లా మా అపార్టుమెంటులో కింది వాటా నుంచి వేటమాంసం కూర వాసన మెట్లెక్కి పైకి వస్తుంది. లిఫ్టు ఉన్నా అది మెట్లే ఎక్కుతుంది. దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పలకరించాలి కదా. మా తలుపు దాకా వచ్చేసరికి దాని జాతకం మొత్తం చెప్పగలను. ధనియాలు కాస్త మాడాయి, ఎండుకొబ్బరి ఎక్కువైంది, ఉప్పు ఇంకా పడలేదు. మాంసం నోట పెట్టి పాతికేళ్లు దాటిన మనిషికి ఈ విద్య ఎక్కడిదని మా ఆవిడ అనుమానం. ఊళ్లో ఎక్కడో నాకు రహస్యంగా ఒక హోటలు ఖాతా ఉందని ఆవిడ గట్టి నమ్మకం. ఈ విద్య నేర్పినావిడ కూడా మాంసం ముట్టేది కాదని చెబితే ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. కాబట్టి నాగేంద్రమ్మగారి గురించి కాగితం మీద పెట్టడమే మేలనుకుంటున్నాను.

ఎనభైల మొదట్లో, డిగ్రీని పరీక్షల వాళ్ల దయ వల్ల ముగించి, రెంటచింతల దాటాక మాచర్ల పోయే దారిలో ఒక నాపరాళ్ల క్వారీలో సూపర్‌వైజరుగా చేరాను. రెంటచింతల ఎండ చూడనివారికి చెప్పడం కష్టం. ఏప్రిల్‌లో అక్కడ కాకులు నడిచి వెళ్లేవి, ఎగిరితే సూర్యుడికి దగ్గరవుతామని. బండ మీద చెప్పులు విడిస్తే, మళ్లీ వేసుకునేసరికి అప్పడాలయ్యేవి. సూపర్‌వైజరంటే ఏదో పెద్ద కొలువనుకునేరు. తీసిన బండల్లో పగుళ్లున్నవి పక్కన పెట్టించడం, లారీ వస్తే డ్రైవరుతో కలిసి టీ తాగడం, అంతే. ఆ క్వారీ యజమానురాలు నాగేంద్రమ్మగారు. యాభై దాటిన మనిషి. భర్త పోయాక బంధువులందరూ అమ్మేయమంటే, వాళ్లకు భోజనాలు పెట్టి, బస్సెక్కించి, మర్నాడు తెల్లారేసరికి తనే వచ్చి గుంత అంచున నిలబడిందట. ఆవిడ గొంతు విప్పితే గుంతలో మందుగుండు పెట్టే పని లేదని, బండలు వాటంతటవే లేచి వరసలో నిలబడతాయని కూలీలు చెప్పుకునేవారు.

ఆదివారం ఒంటిపూట పని. మధ్యాహ్నం అందరికీ భోజనం ఆవిడ చేతిదే. రేకుల షెడ్డు పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద, నేను కూర్చుంటే తల మాత్రమే కనిపించేంత డేగిసాలో వేటమాంసం ఉడికేది. ఆవిడ మాత్రం ఒక్క ముక్కా నోట పెట్టేది కాదు. ఉప్పు సరిపోయిందో లేదో చూడాలంటే మూత తీసి, ఆవిరి మీద మొహం పెట్టి, కళ్లు మూసుకుని, కోర్టులో తీర్పు చెబుతున్నట్టుగా "ఇంకో గుప్పెడు" అనేది. ఆ గుప్పెడు పడ్డాక కూర తిన్నవాళ్లు కాసేపు తమ పేర్లు మర్చిపోయేవారు. నేనైతే మూడు విస్తళ్లు మార్చేవాణ్ణి.

"రుచి చూడకుండా ఎట్లా తెలుస్తుందండీ?" అని అడిగాను ఒకసారి.

"ముక్కుంది గదరా. అది దేనికుందనుకుంటన్నావు, జలుబు చెయ్యటానికా?"

ఆవిడ ఎందుకు తినదన్నది పెద్ద మర్మం. లారీ డ్రైవరు అడిగితే పళ్లు బాగాలేవనేది. అంటూనే ఆ పళ్లతో చెరుకు గడ చీల్చేది. పూజారి అడిగితే వారం కాదనేది. వారంలో ఏడు రోజులూ ఆవిడకు వారం కాదు. నేను మాత్రం వదలకుండా ఆరు నెలలు వెంటపడ్డాను. ఒకరోజు గసగసాలు నూరుతూ తనే చెప్పింది.

"మా ఆయన అస్థికలు కలపటానికి కాశీ పొయ్యాం. మా ఊరోళ్లు పదిమంది తోడొచ్చారు. అక్కడ మనకిష్టమైంది ఒకటి వదలాలి గదా. ఒకాయన కాకరకాయ వదిలాడు. పుట్టాక ఎన్నడూ తిన్నోడు కాదు. ఒకావిడ పనసపండు వదిలింది. మన పల్నాట్లో పనసపండు యాడుందిరా? గంగలో నిలబడి అందరూ దేవుడికే టోపీ పెడతన్నారు. నా వంతు వచ్చింది. నాకు చానా ఇష్టమైంది ఒకటే. సరే అని అదే వదిలేశా."

"మరి వండటం మానలేదేం?"

"వదిలింది నోరు, చెయ్యి కాదు. ఆయనకి నా చేతి కూరంటే ప్రాణం. తినటం నా ఇష్టం, అది గంగలో పొయ్యింది. వండటం ఆయన ఇష్టం. దాన్ని నేనెట్టా వదులుతా?"

అని రోలు నా వైపు తిప్పి, మిగిలిన గసగసాలు నన్ను నూరమంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నాకూ వైరాగ్యం పట్టింది. దాని వెనక మాత్రం గంగ లేదు, మేక ఉంది. మాచర్ల బస్టాండు పక్కన మాంసం కొట్టు ముందు నా వంతు కోసం నిలబడి ఉంటే, అక్కడ కట్టేసిన మేక నా కొత్త టెర్లిన్ చొక్కా అంచు నమలడం మొదలుపెట్టింది. లాక్కోబోయాను. వదల్లేదు. నా కళ్లలోకి చూస్తూ, తొందరేమీ లేనట్టుగా, బొత్తాం దాకా నమిలింది. మరో పది నిమిషాల్లో తన గతి ఏమిటో తెలియక నా చొక్కాను అంత తీరిగ్గా తింటున్న ఆ ప్రాణిని చూసి, ఖాళీ సంచితో వెనక్కి వచ్చేశాను. కరువులో ఏనుగులా తినే నేను మాంసం మానడమంటే లోకకల్యాణమే కదా. బుద్ధుడి తర్వాత కృష్ణానది ఒడ్డున అంతటి త్యాగం జరగలేదని నాకనిపించింది. క్వారీకి వెళ్లగానే నాగేంద్రమ్మగారికి నిలువెల్లా పులకరిస్తూ చెప్పాను. ఆవిడ నా చొక్కా చిరుగు వైపు చూసింది.

"మానితే మానావులే. ఊళ్లో టముకెయ్యబాక," అంది.

ఆ మాట బుద్ధిగా విన్నాను. తర్వాతి మూడు ఆదివారాలూ ఏదో పని చెప్పి గురజాలలో మా ఇంటికి పోయాను. దాంతో క్వారీలో నా త్యాగం సంగతి ఆవిడకు తప్ప ఎవరికీ తెలియలేదు. కొంప అక్కడే మునిగింది.

మా గుంత మేస్త్రీ కోటయ్య. నలభై ఏళ్లవాడు. సుత్తితో బండను తట్టి, అది ఎటు చీలుతుందో డాక్టరులా చెప్పేవాడు. నన్ను ఆటపట్టిస్తూ "అల్లుడూ" అని పిలిచేవాడు. ఆయనకున్న ఒక్క కూతురికి అప్పటికి మూడేళ్లు. ఒకరోజు నేను గుంత అంచున నిలబడి, చేతులూపుతూ, ముప్పై ఏళ్ల అనుభవమున్న మనుషులకు గునపం ఎలా వెయ్యాలో ఉపన్యాసమిస్తుంటే కాలి కింద అంచు కదిలింది. కోటయ్య ఒక్క అంగలో వచ్చి నా కాలరు పట్టి వెనక్కి ఈడ్చాడు. నేను నిలబడ్డ బండ గుంతలోకి పోయి మూడు ముక్కలైంది.

"కిందికి చూసి మాట్లాడు అల్లుడూ. ఆకాశం యాడికీ పోదు," అన్నాడు. మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు.

ఆ కోటయ్య ఒక శనివారం గుంతలో అందరి ముందూ నన్ను పిలిచాడు. "పిల్లకి పుట్టెంట్రుకలు తీయిస్తన్నాం. అమ్మవారికి యాట మొక్కుంది. ఎల్లుండి మా ఇంట్లో నువ్వు భోంచెయ్యాల అల్లుడూ."

"నేను తినను కోటయ్యా," అన్నాను వెంటనే. నా మనసులో ఉన్నది మేక. అది చాలదన్నట్టు, "నా కోసమని మీ ఇంట్లో ఏమీ పెట్టుకోవద్దు," అని కూడా అన్నాను, శ్రమ తగ్గించే ఉద్దేశంతో.

గుంతలో సుత్తులు ఆగాయి. కోటయ్య చేతిలోని సుత్తి కింద పెట్టాడు. నెల కిందట ఆయన పక్కనే కూర్చుని మూడు విస్తళ్లు మార్చినవాణ్ణి నేను. "అట్టాగే బాబుగారూ," అన్నాడు. నాకు ఆ బాబుగారు ఎవరో అర్థం కాక వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

సాయంత్రం షెడ్డులో నాగేంద్రమ్మగారు నన్ను నిలబెట్టింది. కబురు నాకంటే ముందే చేరింది.

"మీ ఇళ్లల్లో వాళ్లు కోటయ్యోళ్ల పేటలో ఎన్నడన్నా మంచినీళ్లు తాగారంట్రా?"

ఆలోచించాను. మా తాత ఆ పేట మీదుగా వెళ్లాల్సి వస్తే చేతిలో ఇంటి నీళ్ల మరచెంబు పట్టుకుని వెళ్లేవాడు. అదేదో షోకనుకునేవాణ్ణి.

"లేదండీ. కానీ నేను అందుకు కాదు, మేక..."

"మేక సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. వాళ్లకేం తెలుసు? అమ్మగారి కూరైతే మూడుసార్లు తింటాడు, మా ఇంటిదైతే తినడు అనుకున్నారు. వాళ్లు విన్నది నీ మాట కాదురా. మీ తాత మాట."

 వెంటనే పోయి చెబుతానన్నాను. "ఏం చెబుతావు? మేక చొక్కా తిన్నదని చెబుతావా? నోటితో చెబితే పొయ్యేది కాదది. సోమవారం నా ఎనక నడువు," అంది.

సోమవారం పేటకు వెళ్లాం. కోటయ్య గుమ్మంలో నిలబడి "రండమ్మా" అని ఆవిణ్ణి, "రండి బాబుగారూ" అని నన్ను పిలిచాడు. నాగేంద్రమ్మగారు చెప్పులు విడిచి నేరుగా లోపలికి పోయి కుండ పక్కన నిలబడింది. "మల్లమ్మా, దాహమేస్తంది. ముందు మంచినీళ్లియ్యి," అంది. కోటయ్య భార్య మల్లమ్మ కొత్త గ్లాసు కోసం వెతకబోతే, చూరు కింద వాళ్లు తాగే చెంబే అందుకుని, ముంచుకుని, గటగటా తాగి, నా చేతిలో పెట్టింది. నేనూ తాగాను. ఆవిడ పంక్తిలో కూర్చుని, "నాది కాశీ మొక్కు మల్లమ్మా, నీ పొయ్యి మీద పప్పుంటే పెట్టు," అంది. మల్లమ్మ నవ్వి పప్పు వడ్డించింది. అక్కడితో నేనూ అదే అడిగితే ఏ గొడవా లేదు. కానీ నేను సూపర్‌వైజరును కదా, గురువును మించిపోవాలి. "నాకు కూర వెయ్యి," అన్నాను గట్టిగా, పేటంతా వినేలా.

వేసింది. ముక్క నోట్లో పెట్టుకున్నాను. మేక కళ్లు, నా చొక్కా, బొత్తాం అన్నీ ఒక్కసారిగా గొంతుకు అడ్డం నిలబడ్డాయి. కళ్లు మూసుకుని మింగాను. మళ్లీ మింగాను. రెండో ముక్క ఎత్తేసరికి మల్లమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏందయ్యా అది, ఆవదం తాగినట్టు? మా అమ్మవారి ప్రసాదమది. అంత కష్టపడి ఎవురు మింగమన్నారు నిన్ను?"

మేక కథంతా అప్పుడు బయటపడింది. చొక్కా నమలడం దగ్గర పంక్తి మొత్తం విస్తళ్లు వదిలేసి నవ్వింది. నవ్వని మనిషి కోటయ్య ఒక్కడే. తల దించుకుని నేల చూస్తూ, "ఆ ముక్క ఆ రోజే చెప్పి చావొచ్చు గదా. మూడు రోజుల్నించి నాకు అన్నం సయించలా," అన్నాడు. ఆ తర్వాత భార్య వైపు తిరిగి, "అల్లుడికి పచ్చిపులుసు పొయ్యవే," అన్నాడు. ఆ పచ్చిపులుసుతో నేనెంత అన్నం తిన్నానంటే, పంక్తిలో చివరివాళ్లకు మళ్లీ ఎసరు పెట్టాల్సి వచ్చింది.

నాగేంద్రమ్మగారు పోయి చాలా ఏళ్లయింది. నేను మాంసం మళ్లీ ముట్టలేదు. అది గొప్ప పనో, ఒక చొక్కా మీద కోపమో ఇప్పటికీ తేల్చుకోలేదు. నా విస్తట్లో ఏముండాలన్నది నా ఇష్టమే, అందులో ఎవరికీ పేచీ లేదు. కానీ ఎవరింటికి భోజనానికి వెళ్లినా, వాళ్లు ఏమిటి వడ్డించమంటారని అడిగేలోపు, వాళ్లు తాగే గ్లాసుతోనే మంచినీళ్లు అడిగి తాగుతాను. పెళ్లిళ్ల రోజుల్లో ఒక్క పూటలో నాలుగిళ్లు తిరిగితే నా పొట్ట సాగర్ డ్యాములా నిండుతుందని, ఎప్పుడో గేట్లెత్తాల్సి వస్తుందని మా ఆవిడ గొడవ. ఏం చెయ్యను. 'తినను' అనే మాట నాలుక మీదికి వచ్చినప్పుడల్లా ఆ మాటలో మా తాత గొంతు కూడా వినిపిస్తుంది. అది కిందికి దిగేదాకా నీళ్లు తాగుతూనే ఉంటాను.