కారే చోటు

“ఈ వానలో పాపకు న్యుమోనియా వస్తే?” అన్నాను, మా ఊరి ఫుట్‌బాల్ మైదానంలో రేకుల కింద నా పాపనెత్తుకుని. మలాకీ నా మోచెయ్యి పట్టుకుని రెండడుగులు పక్కకు లాగాడు. నేను అంతదాకా నిలబడ్డ చోట రేకు చిల్లులోంచి బొళబొళా నీళ్లు పడ్డాయి. డెబ్బై ఏళ్ల మలాకీ ఐర్లండులో చూడని ఫుట్‌బాల్ మైదానం లేదు. ఆటెలా ఉన్నా, టీ చిక్కదనం, గాలి వాటం, పైరేకుల చిల్లులు చూసే మంచిచెడ్డలు తేలుస్తాడు. అన్నిటికన్నా గొప్పది మా ఊరిదేనట, ఇక్కడి ఏడు చిల్లులూ ఆయనకు కంఠతా వచ్చు. అధ్వాన్నమైనది కొత్త రేకులేసిన పక్క ఊరిది. “అక్కడ ఎక్కడ కారుతుందో దేవుడిక్కూడా తెలీదమ్మాయ్!”

గత శనివారం ఆటకు ముందు మైదానం చూసుకునేవాళ్లు ఒక చిల్లు పూడ్చారు. నీళ్లు దారి మార్చుకుని సరిగ్గా పాప మీదికి దిగాయి. మలాకీ టోపీ తీసి వెల్లకిలా పాప తలపైన పట్టాడు. అప్పుడే మా ఊరి జట్టు ఈ ఏడాది మొదటి గోల్ కొట్టింది. జనమంతా గంతులేశారు. ఆయన మాత్రం తల తిప్పకుండా, “బాగున్నదాన్ని బాగుచేసిన వెధవెవడ్రా?” అని అరిచాడు. టోపీ నిండింది, పాప తడవలేదు. “కారదన్న రేకును నమ్మకు. కారే చోటు చూసుకుని దాని పక్కన నిలబడు,” అన్నాడు నాతో. ఇప్పుడు పాపతో ఎక్కడికెళ్లినా, పిల్లల డాక్టరు గదిలో కూడా, ముందు పైకి చూస్తున్నాను.