మెట్ల పక్కన డబ్బా

జాగ్రఫీ మేడమ్ అంటే బడి మొత్తానికి ఒళ్లుమంట. ఆవిడకూ బడి అంటే అంతే. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే వరండా మెట్ల పక్కన నిలబడి, పరిగెత్తేవాళ్లనూ నవ్వేవాళ్లనూ పేరుపేరునా ఉతికి ఆరేస్తుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అదే చోటు, అవే తిట్లు.

ఆ రోజు ఎనిమిదో తరగతిని నేల పరీక్షకని బయటికి తోలుకొచ్చింది. అడుగు కోసేసిన పాలడబ్బాలను నేలలో దిగ్గొట్టి, నీళ్లు పోసి, ఎంత తొందరగా ఇంకుతాయో చూడాలి. తడిమట్టిని వేళ్ల మధ్య నలిపితే అన్నిచోట్లా ఒకటే గరుకు, ఇసుక పాలెక్కువ. పోసిన నీళ్లను నేల గటగటా తాగేస్తోంది. మెట్ల పక్కన డబ్బాలో మాత్రం పోసినవి పోసినట్టే ఉన్నాయి.

"డబ్బా దిగ్గొట్టడం కూడా చేతకాదా? ఏం తిని పెరిగారే మీరు!" అంటూ మేడమ్ పిల్లల మీద విరుచుకుపడింది. సుత్తి లాక్కుని పక్కనే ఇంకో డబ్బా తనే కొట్టింది. చెయ్యి జివ్వుమంది. నీళ్లు పోసింది. చుక్క దిగలేదు.

"ఇక్కడ మట్టి వేరు. బంకమట్టి అని రాయండి."

"నలిపి చూశాం మేడమ్, అదే మట్టి," అంది రెండు జడల పిల్ల, తొణకకుండా. "మీరు రోజూ నిలబడేది ఇక్కడే కదా. తొక్కిన నేల నీళ్లు తాగదని నిన్న మీరే చెప్పారు."

మేడమ్ కిందికి చూసింది. చుట్టూ గడ్డి ఏపుగా ఉంది. తన చెప్పుల కింద ఒక్క పోచ కూడా లేదు.

"ఎవరది నవ్వింది?" అని గావుకేక పెట్టింది.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఆ చోటు నుంచి కదలనూ లేదు.