రెండో ఫారం

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలు పోవడమే. బరువు మోసేవాడు చిక్కిపోతాడు. నేను ఒళ్లు చేశాను, ప్రిన్సిపాల్‌నయ్యాను.

అప్పుడు నరసరావుపేటలో ఒక ఇంటర్ కాలేజీలో క్లాస్ ఇన్‌ఛార్జిని. పిల్లల మనసు ఎలా ఉందో కనుక్కోమని పైనుంచి ఫారాలొచ్చాయి. తనిఖీకి ముందురోజు దాకా బీరువాలో ఉంచి, ఆ సాయంత్రం గబగబా నింపించాను. రేష్మా ఒక్కతే నిజం రాసింది. గురజాలలో మోటార్లు బాగుచేసే నాగుల్ మీరా కూతురు, మా హాస్టల్లో ఉండేది. 'నిద్ర పడుతోందా?' అన్నచోట 'లేదు'. 'ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉందా?' అన్నచోట, 'ఉంది. మీకు తీరికుంటే మీతోనే సార్.'

"ఏందమ్మా ఇది? మా కొంపలు ముంచుతావా?" అన్నాను.

"అడిగారని రాశా సార్."

"అడిగింది ఫైలు కోసం. ఇంకోటి తీసుకో. అంతా బాగుందని రాయి."

ఆమె ఇంకో ఫారం తీసుకుంది. తలొంచుకుని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. మొదటిది చింపేశాను.

మొదటి ఫారం చూసినప్పుడు నాకు అర్థం కాలేదా? అయింది. తర్వాత వారంలో ఆమె తన నోట్సులు, వాచీ స్నేహితురాళ్లకు పంచిపెట్టింది. అందరితో నవ్వుతూ తిరిగింది. "చూశారా, దారిలో పడింది," అని స్టాఫ్‌రూమ్‌లో గొప్పలు చెప్పుకున్నాను. అంత తెలివిగలవాణ్ని.

ఆ నెల తిరక్కుండానే ఆ పిల్ల తన ప్రాణం తీసుకుంది.

నాగుల్ మీరా వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "మీతో ఏమన్నా చెప్పిందా సార్?"

"ఏమీ చెప్పలేదయ్యా. నవ్వుతానే ఉండేది." రెండో ఫారం తీసి చదివి వినిపించాను. ఆయనకు చదువు రాదు.

"అయితే నా నోరే సార్. ఇంటికొస్తానంటే ఫోన్లో తిట్టా, చదవలేక నాటకాలా అని."

కాదని ఒక్క మాట అనలేదు. తండ్రి నేరం ఒప్పుకుంటుంటే నా ఉద్యోగం నిలబడిందని లోపల లెక్క వేసుకున్నాను. ఒక్క తిట్టుకే బిడ్డలు చచ్చిపోరని ఆయనకు చెప్పాల్సిన రోజు అది. ఆమె చేయి చాచిందనీ, పట్టుకోవాల్సినవాడు తనిఖీ చూసుకున్నాడనీ చెప్పాల్సిన రోజు.

ఇప్పుడు నేను అవగాహన సదస్సుల్లో మాట్లాడతాను. వినండి, నవ్వొస్తుంది. ఉన్నట్టుండి వస్తువులు పంచిపెడితే గమనించండి, ఉన్నట్టుండి కుదుటపడితే కూడా గమనించండి, నేరుగా అడగండి, విన్నాక వదిలేయకండి అని మైకులో చెబుతాను. అన్నీ నిజాలే. ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం చెప్పను. శాలువా కప్పించుకుని వస్తాను.

నాగుల్ మీరా ఇవాళ్టికీ ఫోన్ ముట్టడట. ఎవరొచ్చినా, "నా నోరే తినేసింది బిడ్డని," అంటాడట.

అందుకే ఇది రాశాను. పోస్టులో పంపి తప్పించుకోవడానికి లేదు. గురజాల వెళ్లి, ఆయన ఎదురుగా కూర్చుని నేనే చదవాలి. నీ కూతురు చెప్పింది. నాకే చెప్పింది. నేను చింపేశాను.

రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక మీద కూడా నాకు అసహ్యమే.