హిద్ ఒడ్డున చెలిమె

రాజనర్సు చేపలు పట్టడం క్యాంపులో ఎవరూ చూడలేదు. వినడం మాత్రం అందరూ విన్నారు. బహ్రెయిన్‌లో దిగిన నాటి నుంచి ఆయన పనంతా సిమెంటు మధ్యనే. సముద్రాన్ని కంపెనీ బస్సు కిటికీలోంచి చూడడమే తప్ప కాలు తడిపింది లేదు. అయినా అన్నం ముందు కూర్చుంటే చాలు, ఆయన నోట ఊరి వాగు పారేది. వానలు వెనకబట్టి నీళ్లు తేటపడ్డాక మోకాటి లోతులో నిలబడి గాలం వేయడం, పరక చేపలు ఎండకు తళుక్కుమనడం, అవ్వ వాటిని బూడిద వేసి బండకు రుద్ది చింతపులుసు పెట్టడం... చెప్తుండగానే కంచంలో పప్పు చల్లారిపోయేది.

"నీ చాపలు నోట్లనే ఈదుతయి గని గిన్నెలకు రావురా," అనేవాడు పక్క మంచం ముత్తన్న.

ముత్తన్నది పక్క ఊరే. వాగు కూడా అదే. మోకాళ్లు అరిగి, ఇక గల్ఫ్ చాలనుకొని, వీసా కాన్సిల్ చేసుకొని ఆదివారం ఇంటికి పోతున్నాడు. ఈలోగా తన చేత్తో పట్టిన చేప ఒక్కటైనా తినిపించకపోతే, ముత్తన్న లెక్కలో తాను జన్మంతా కోతలరాయుడేనని రాజనర్సు బెంగ. అదృష్టం కొద్దీ కంపెనీ ఆ మధ్యే వాళ్లను హిద్ క్యాంపుకు మార్చింది. సముద్రం నడిచిపోయేంత దూరంలోకి వచ్చింది.

శుక్రవారం పొద్దున ముత్తన్న సగం పూట ఓవర్‌టైంకు బయల్దేరుతుంటే, రాజనర్సు చింతపండు నానేసి మరీ చూపించాడు.

"డ్యూటీ దిగి ఒడ్డుకే రా. చాపలు నువ్వే మోసుకొద్దువు."

"చింతపండు నీది, సముద్రం నీది కాదు. ముందుగాల దాన్నడుగు పో."

ఒడ్డున నిజామాబాద్ ఇనాయత్ అప్పటికే గాలం వేసి ఉన్నాడు. పికప్ నడుపుతాడు, సెలవొస్తే ఇక్కడే ఉంటాడు.

"ఎర్రలు యాడ దొరుకుతయి ఇనాయత్ భాయ్?"

"ఈ ఇసుకల ఎర్రలేంది భాయ్! ఇక్కడ దొరికే సాఫీ చాపకు పిండిముద్ద చాలు. ఇంద."

ఇనాయత్ దూరంగా తన చోటికి వెళ్లాక రాజనర్సు గాలం మీద తుప్పున ఉమ్మి, దండం పెట్టి విసిరాడు. చాలాసేపు సముద్రం ఉలకలేదు, పలకలేదు. తర్వాత దారం చివుక్కుమంది. అరచేయంత సాఫీ. వేళ్లలోంచి జారబోయే ఆ చల్లదనం తగిలేసరికి, తల నెరిసిన మనిషి చిన్నపిల్లవాడిలా ఈల వేశాడు. వెంటనే వాగులో చేసినట్టే నీళ్ల అంచున ఇసుకలో చెలిమె తోడాడు. ఊట ఊరింది. చేపను అందులో వదిలితే హాయిగా తిరిగింది. తర్వాత మరో రెండు పడ్డాయి. ముత్తన్న వచ్చేదాకా అవి బతికి ఉండాలి, అతను తన కళ్లతో చూడాలి.

ఇంతలో ఇనాయత్ చాయ్‌కి పిలిచాడు. పికప్ నీడలో కూర్చున్నాక వాగు మళ్లీ పారింది. ఊళ్లో వాగు చెలిమె దాకా ఎన్నడూ ఎక్కిరాలేదు. సముద్రానికి పోటు ఉంటుందని ఆయనకు ఎవరు చెప్పాలి?

తిరిగి వచ్చి చూస్తే చెలిమె లేదు. చెలిమె ఉన్నచోట సముద్రం ఉంది.

రాజనర్సు లుంగీ ఎగగట్టి, నీళ్లలో వంగి రెండు చేతులతో దేవులాడసాగాడు. అటుగా పోతున్న అరబ్బు పెద్దాయన ఆగాడు.

"మొబైల్?" అని జాలిపడి, జవాబు కోసం చూడకుండా, తెల్లటి తోబ్ మోకాళ్ల పైకి పట్టుకొని తానూ దిగి వెతకడం మొదలుపెట్టాడు.

ఆ మర్యాదకు రాజనర్సు ప్రాణం చచ్చిపోయింది. "మొబైల్ లా, బాబా... సమక్!" అన్నాడు, మొబైల్ కాదు, చేపలని.

పెద్దాయన నిటారుగా లేచి, ఆయన మొహం వైపు చూశాడు. సముద్రం వైపు చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు చేయి ఊపి, అన్నీ అందులోనే ఉన్నాయన్నట్టు చూపించి, భుజం తట్టి వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడే ముత్తన్న వచ్చాడు.

"యాడున్నయిరా చాపలు?"

"పట్టిన. ఒట్టు. మూడు. నీళ్లు మింగినయి."

"మింగుతయి, మింగుతయి. ఇంకో రెండు రోజులాగితే నేను కూడ పోదును గదా, అప్పుడు పట్టినవని చెప్పకపోతివి!"

రాజనర్సుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనకే వచ్చిన ఇనాయత్‌కు చూడబుద్ధి కాలేదు.

"అబద్ధమెందుకు, చాపలు నేను సూడలే భాయ్. ఒడ్డు పొంటి గుంత తవ్వుడు సూసిన. ఏం తవ్వుతుండో సమజ్ కాలే."

ముత్తన్న నవ్వు ఆగిపోయింది. "గుంతనా? నీళ్ల అంచుకా?" అని రాజనర్సు చేయి అందుకొని గోళ్లలో ఇసుక చూశాడు.

"చెలిమె తోడిండు భాయ్ వీడు. మా వాగుల మొదటి చాప పడకముందు చెలిమె తోడితే ఆ దినం ఒక్కటి పడదు. చిన్నపోరగాడు కూడ తోడడు. తోడిండంటే పట్టిండు. నిజంగనే పట్టిండు." మళ్లీ పగలబడి నవ్వాడు, కానీ ఆ నవ్వు వేరు. "సముద్రం పక్కన చెలిమె తోడినవారా! మన ఊరోళ్లకు తప్ప ఎవనికొస్తది ఈ తెలివి!"

ఇనాయత్ తన సంచిలోంచి రెండు చేపలు తీసి ఇవ్వబోయాడు.

"వద్దు భాయ్," అన్నాడు ముత్తన్న. "వీడు పట్టినయే తింట."

మధ్యాహ్నం ఆ చింతపులుసులో కోడిగుడ్లు ఉడికాయి. ముత్తన్న అన్నం కలుపుకొని, గుడ్డును సగానికి విరిచి, వేలితో మెల్లగా తడిమి చూసి పక్క కంచం వైపు వంగాడు.

"రాజనర్సూ, ముండ్లున్నయిరా. పైలంగ తిను."